ఇద్దరు విలియమ్‌లు

ఇంగ్లండు దేశంలో నెదర్‌కూంబ్ అనే పల్లెలో గిల్బర్ట్ హాస్కిన్ అనే విత్తనాల వ్యాపారి ఉండేవాడు. తన వంశం గొప్ప చెప్పుకోకుండా అతను ఎవరికీ గింజల పొట్లం కట్టేవాడు కాదు.

"మేము నాలుగు వందల ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాం. మరి మీ సంగతేమిటి?" అని వచ్చినవాళ్లందరినీ అడిగేవాడు. పక్కింటి డోర్కస్ పార్మిటర్‌నైతే మరీ వేధించేవాడు. ఆవిడ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. "మా తాతగారి పేరు తప్ప నాకేం తెలీదండీ," అని నవ్వేసి ఊరుకునేది.

ఒక చలికాలం గిల్బర్ట్‌కు తన పూర్వీకుల జీవితం తవ్వి తీయాలనిపించింది. జిల్లా రికార్డుల ఆఫీసులో వాళ్ల ఊరి చర్చి పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. ఎవరు పుట్టారు, ఎవరు ఎవరిని పెళ్లాడారు, ఎవరు పోయారు, ఊరి డబ్బు దేనికి ఖర్చయింది అన్నీ వాటిలో రాసి ఉండేవి. ఆ రాత చీమలు పాకినట్టు ఉండేది. చాలా రోజులు కుస్తీ పడితే గానీ అతనికి అక్షరాలు పట్టుబడలేదు.

అలా చదువుతుండగా ప్లేగు వచ్చిన ఏడాది లెక్కలు కనిపించాయి. ఆ ఏడాది జబ్బు సోకిన ఇళ్లను మనుషులతో సహా మూసేశారు. ఎవరూ ఆ ఛాయలకు పోలేదు. విలియం హాస్కిన్ అనే ఒక్కడు మాత్రం ఆ గుమ్మాలకు రొట్టెలు మోశాడు. చనిపోయినవాళ్లను తన చేతులతో పూడ్చాడు. అందుకు అతనికి కూలి ఇచ్చినట్టు రాసి ఉంది.

గిల్బర్ట్ కళ్లలో నీళ్లు తిరిగాయి. మిగతా పుస్తకాలు చూడకుండానే పాస్టరుగారి దగ్గరికి పరుగెత్తాడు.

"మా విలియం ఈ ఊరిని బతికించాడండీ!" అన్నాడు.

పాస్టరుగారు పొంగిపోయారు. "అంతటి మనిషి పేరు చర్చి గోడ మీద ఉండాలి. రాయి చెక్కిద్దాం," అన్నారు. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరికీ చెప్పేశారు కూడా.

రాయి చెక్కుతుండగా గిల్బర్ట్ మళ్లీ రికార్డుల ఆఫీసుకు వెళ్లాడు. విలియం పిల్లల పేర్లు కూడా దొరికితే బాగుంటుందనుకున్నాడు. అప్పుడు తెలిసింది. ఆ కాలంలో ఊళ్లో ఇద్దరు విలియం హాస్కిన్‌లు ఉండేవారు. ఒకడు ఇళ్లకు గడ్డి కప్పేవాడు, ఇంకొకడు సారాకొట్టు నడిపేవాడు. రొట్టెలు మోసినవాడు గడ్డి కప్పే విలియం. అతనికి ఆగ్నెస్ అని ఒక్కతే కూతురు. ఆ పిల్లను జాన్ పార్మిటర్ అనే అతను పెళ్లాడాడు. పక్కింటి డోర్కస్ వాళ్ల వంశంలోదే. గిల్బర్ట్ వంశం సారాకొట్టు విలియం కొడుకు నికొలస్‌ది. ఆ సారాకొట్టు విలియం ప్లేగుతో చనిపోయిన ఒక ముసలామె ఇంట్లోంచి దుప్పటి దొంగిలించి, సంతలో కొరడా దెబ్బలు తిన్నాడు.

గిల్బర్ట్ పుస్తకం మూసేశాడు. 'ఎప్పటి మాటో ఇది. చెప్పకపోతే ఎవరికి నష్టం?' అనుకున్నాడు. పాస్టరుగారు ఫోను చేసి, "ఇంకేమైనా దొరికిందా?" అని అడిగితే, "చెప్పుకోదగ్గదేమీ లేదండీ," అన్నాడు.

రాయి మీది తెర తీసే రోజు చర్చి నిండిపోయింది. విలియం పేరు కింద 'ఆయన వంశీకుడు గిల్బర్ట్ హాస్కిన్' అని చెక్కి ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. డోర్కస్ తన పెరట్లో పూసిన పూలు తెచ్చి రాయి కింద పెట్టింది. తర్వాత గిల్బర్ట్ దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"అప్పుడు మా వాళ్లు కూడా ఈ ఊళ్లో ఉండే ఉంటారు కదండీ. మీ పెద్దాయన పెట్టిన రొట్టె తినే బతికారేమో. ఆయన లేకపోతే నేను లేనేమో. ఇన్నేళ్లూ మీ వంశం మాటెత్తితే నవ్వుకునేదాన్ని, ఏమనుకోకండి," అంది.

గిల్బర్ట్ నోరు అలవాటు కొద్దీ పలికేసింది. "మా ఇంట్లో అలాంటివి మామూలేనండీ."

ఆ మాట అన్న క్షణంలోనే అతని చెవులు కాలిపోయాయి. ఆవిడ మాత్రం మరింత భక్తిగా తల ఊపింది.

ఆ తర్వాత డోర్కస్ ప్రతి ఆదివారం పూలు తెచ్చేది. గిల్బర్ట్ చర్చి వెనక తలుపులోంచి వచ్చి, ఆ గోడ కనపడని మూల కూర్చునేవాడు. దారిలో ఎవరైనా గౌరవంగా టోపీ తీసి పలకరిస్తే తిట్టినట్టు ఉండేది. అద్దంలో తన ముఖం చూసుకోవడానికి కూడా మనసొప్పేది కాదు. చివరికి ఒక సాయంత్రం ఉండబట్టలేక డోర్కస్ తలుపు తట్టాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పేశాడు.

ఆవిడ పెరట్లోని పూల మొక్కల వైపు తిరిగి చూసింది.

"అయితే నేను పూలు పెడుతున్నది మా పూర్వీకుడికా?" అంది.

"అవునండీ."

"అది తెలిసే మీరు నా చేత దండం పెట్టించుకున్నారా?"

గిల్బర్ట్ తల వంచుకున్నాడు. "మావాడు చచ్చిపోయినవాళ్ల ఇంట్లో దుప్పటి ఎత్తుకుపోయాడు. వాడికి చలేసిందేమో, పిల్లల కోసమేమో, నాకు తెలీదు. నేనైతే చచ్చిపోయిన మనిషి మంచితనాన్నే ఎత్తుకుపోయాను. నాకు ఏ లోటూ లేదు."

"ఈ మాట నాకొక్కదానికే చెబితే చాలదు," అంది డోర్కస్. తలుపు మెల్లగా వేసేసింది.

ఆదివారం గిల్బర్ట్ అందరి ముందూ లేచి నిలబడ్డాడు. ఇద్దరు విలియమ్‌ల కథా చెప్పాడు, తన కథా చెప్పాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలో ఎవరో నవ్వారు. పాస్టరుగారు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. మర్నాడు శిల్పి వచ్చి గిల్బర్ట్ పేరున్న వరసను ఉలితో చెక్కి తీసేశాడు. గిల్బర్ట్ పక్కనే నిలబడి, రాతి పొడి బూట్ల మీద రాలుతుంటే కదలకుండా చూశాడు. సిగ్గుతో ముఖం ఎర్రబడింది గానీ, ఈసారి అతను తల తిప్పుకోలేదు.

పూర్వీకులు చేసిన తప్పు మనకు సిగ్గుచేటు కాదు. మనది కాని మంచిని మనదని చెప్పుకోవడమే సిగ్గుచేటు.