డన్వారీ వారి కోడలు, పోయిన బిరుదు

అనగనగా ఒక ఊళ్ళో అందామంటే, ఇవాళ్టి కథలో ఊరంటూ సరిగ్గా లేదర్రా. కొండలూ, బురదా, వానా. ఆ కొండల మధ్య అక్కడో ఇల్లు, ఇక్కడో ఇల్లు, అన్నీ కలిపి ఎనభై. దానికే డన్వారీ అని పేరు. సముద్రాలకి అవతల స్కాట్లాండ్ అనే దేశంలో ఉందిట.

కాస్త జరుగు శాంభవీ, కాలు చాపుకోనీ. కుందనా, ఆ చిన్న దిండు ఇలా నా మోకాలి కింద పెట్టు. ఆ, చాలు. ఇవాళ నాకు బొత్తిగా ఓపిక లేదు. మీరు ఊ కొడుతూ ఉంటేనే చెప్తాను. మీరు ఆపితే నేనూ ఆపేస్తాను.

నేను మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని కదా, అక్కడ మెక్రే మిస్సమ్మ అని ఒక ముసలి దొరసాని ఉండేది. మధ్యాహ్నాలు ఇద్దరం కూచుని గాజుగుడ్డ చుట్టలు చుడుతూ ఉంటే ఆవిడ చెప్పిన కథ ఇది. సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో చెప్పేది. నాకు అర్థమైనంత మీకు చెప్తున్నాను.

ఆ దేశపు రాజు ఒకసారి వేటకని డన్వారీ కొండలకి వచ్చాట్ట. మంచు కరిగి వాగు పొంగింది. దాటబోయేసరికి గుర్రం కొట్టుకుపోయింది, రాజు ఒక బండరాయి పట్టుకుని వేలాడుతున్నాడు. భటులంతా ఒడ్డున నిలబడి అయ్యో అయ్యో అంటున్నారే గాని ఒక్కడూ నీళ్ళలోకి దిగలేదు. అప్పుడు అక్కడ గొడ్లు కాసుకుంటున్న ఇవాన్ అనేవాడు దిగి, రాజుని భుజానికెత్తుకుని ఒడ్డున పడేశాడు. రాజు వణుకుతూనే, నీకేం కావాలో అడగమన్నాట్ట. వాడికి ఏం అడగాలో తోచలేదు. సరే, ఇవాళ్టి నించి నువ్వు డన్వారీ ఎర్లువి, ఈ కొండలూ ఈ వాగూ నీవి అన్నాడు రాజు.

ఎర్లు అంటే ఏమిటంటావా? మన వైపు జమీందారు గారు, రాజా గారు అనేవారే, అలాంటి బిరుదు. అయితే అది ఒక మనిషితో పోయేది కాదు. తండ్రి తరవాత బిడ్డకి, బిడ్డ తరవాత వాడి బిడ్డకి, అలా వస్తూనే ఉంటుంది. మామూలుగా కాగితంలో ‘మగ సంతానానికి’ అని రాసేవారుట. ఆ వేళ రాజుగారి గుమస్తా వేళ్ళు చలికి కొంకర్లు పోయి, నాలుగు మాటలు తగ్గిస్తే చాలు దేవుడా అని ‘ఇవానుకీ, అతని సంతానానికీ’ అని తోలు కాగితం మీద రాసి ఊరుకున్నాడు. పట్నం వెళ్ళాక అదే మాట రాజుగారి పెద్ద పుస్తకంలోనూ ఎక్కించాడు.

ఊ కొడుతున్నారా? సరే.

ఇవాన్ తరవాత డంకన్, డంకన్ తరవాత డూగల్, డూగల్ తరవాత డొనాల్డ్, డొనాల్డ్ తరవాత మళ్ళీ ఇంకో డంకన్. ఒకడు కోట కట్టాడు, ఒకడు కట్టింది పడగొట్టాడు, ఒకడు తాగాడు, తాగినవాడి కొడుకు ప్రార్థనలు చేసుకున్నాడు. అలా ఎనిమిది తరాలు. తొమ్మిదోవాడు హెక్టర్.

హెక్టర్ కాలానికి సింహాసనం నాదంటే నాదని ఇద్దరు కొట్టుకున్నారు. హెక్టర్ ఓడిపోయినాయన వైపు వెళ్ళాడు. ఇంకేముంది, గెలిచినాయన సిపాయిలు వచ్చి కోట తగలబెట్టారు. అందులో ఆ తోలు కాగితమూ కాలిపోయింది. హెక్టర్ పడవెక్కి పరదేశం పారిపోయి అక్కడే పోయాడు. భూమి రాజుగారి కిందకి వెళ్ళింది. డన్వారీ ఎర్లు అనే బిరుదు ఈ రోజు నించి లేదు, ఆ పేరు పలికినా నేరమే అని చాటింపు వేశారు.

హెక్టర్ కొడుకు అలస్టర్ అప్పటికి పసివాడు. వాగు పక్కన నీళ్ళతో తిరిగే తిరగలి మిల్లు ఒకటి ఉంటే, ఆ మిల్లువాళ్ళు వాణ్ణి పెంచారు. పెద్దయ్యాక ఆ మిల్లులోనే గింజలు విసిరేవాడు. తాతల నేల మీద పండిన గింజలు, కూలికి. జనం మూటలు దింపుతూ మెల్లిగా ఎర్లు గారూ అంటే, ఆ మాట అనకండి, నాకు పని ఉంది అనేవాట్ట. ఆ ఎనభై ఇళ్ళలోనే ఒక ఇంటి పిల్ల, మోరాగ్ అని, అతన్ని చేసుకుంది. మన కథంతా ఈ మోరాగే. చదువు లేదు, ఆస్తి లేదు, అత్తగారూ మామగారూ లేరు. డన్వారీ వారి కోడలు అన్న మాట ఒక్కటే ఉంది, అదీ పైకి అనకూడదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, ఎల్స్పెత్. ఆ పిల్లకి పదిహేడేళ్ళు వచ్చేసరికి, ఇన్నాళ్ళు పిండి దుమ్ము పీల్చిన అలస్టర్ దగ్గు పట్టుకుని పోయాడు. పోయిన ఏడాదికే కొత్త రాజుకి మనసు మెత్తబడింది. పాత గొడవలు చాలు, పోయిన బిరుదులు వారసులకి తిరిగి ఇచ్చేస్తాను, బిరుదు ఎవరిదని తేలితే భూమీ వాళ్ళదే అన్నాడు. ఒక్క ఏడాది ముందు అనకూడదూ. పోనీలే.

అప్పుడు ఎడింబరో అనే పట్నం నించి రానల్డ్ అని ఒక వకీలు గుర్రమెక్కి వచ్చాడు. హెక్టర్ తమ్ముడి కొడుకు, మోరాగ్‌కి మరిది వరస. చెడ్డగా మాట్లాడేవాడు కాదుట, చాలా మర్యాదస్తుడు. మిల్లు ముందు దిగి, టోపీ తీసి, సంచీలోంచి ఒక కాగితం తీశాడు.

“చూడు వదినా, ఇది మన మూల కాగితానికి నకలు. మగ సంతానానికి అని ఉంది. అన్నయ్యకి కొడుకులు లేరు. కాబట్టి బిరుదు నాకొస్తుంది. నీకూ పిల్లకీ ఈ మిల్లు ఉంచేస్తాను, బెంగపడకు.”

“మరి తక్కిన ఇళ్ళు?” అందిట మోరాగ్.

అతను కొండ వైపు చూశాడు. అందరినీ ఖాళీ చేయించి గొర్రెలు దింపుతాట్ట. ఎనభై ఇళ్ళున్న చోట నాలుగు వేల గొర్రెలు మేస్తాయిట, అన్నీ లెక్క చూసుకునే వచ్చాడు. బిరుదు ఎవరిదో పట్నంలో పెద్దల సభ తేలుస్తుంది, ఆ తీర్పు వచ్చిన మరుసటి వసంతానికి అందరూ వెళ్ళిపోవాలి అన్నాడు. ఎక్కడికి అంటే, ఓడలున్నాయి కదా అన్నాడు.

మోరాగ్ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒక్క అక్షరం తెలియదు. పైగా అది లాటిన్, మనకి సంస్కృతంలా వాళ్ళకి పెద్ద కాగితాల భాష. రానల్డ్ నెమ్మదిగా దాన్ని సరైన వైపు తిప్పి మళ్ళీ ఆవిడ చేతిలో పెట్టాట్ట. తలకిందులుగా పట్టుకుందన్నమాట. ఆ చిన్న పనికి ఆవిడకి ఒళ్ళంతా మండిపోయింది.

మర్నాడు ఎనభై ఇళ్ళవాళ్ళూ మిల్లు ముందుకొచ్చారు. ఏం చెయ్యమంటావు అంటారు. నాకేం తెలుసు అంటుంది. నువ్వేగా కోడలివి అంటారు. ఆ రోజు ఆవిడకి మొట్టమొదటిసారి అందరి ఎదుటా ఆ పేరు వచ్చింది. సంతోషం కలగలేదుట, ఎవరో నెత్తిన మూట పెట్టినట్టయింది.

చర్చి పాస్టరు గారికి లాటిన్ వచ్చు. ఆయన దగ్గరికి వెళ్ళి నేర్పమంది. ఆయన నవ్వలేదు గాని, నలభై నాలుగేళ్ళు వచ్చాయి కదమ్మా, ఎందుకు, నేనే చదివి పెడతాను అన్నాడు. దానికి మోరాగ్, “మీరు చదివితే మీ మాట, ఆ వకీలు చదివితే ఆయన మాట. నా మాట ఎక్కడుంది బాబూ?” అందిట. ఇంక ఆయన పలక తీశాడు.

నాలుగేళ్ళు. చదువు చెప్పినందుకు ఆయన ఆవుకి ఈవిడ పాలు పితికి పెట్టాలి. వాళ్ళకి పిడకలుండవు, బురదనేలలోంచి మట్టిగడ్డలు తవ్వి ఎండేసి పొయ్యిలో పెట్టుకుంటారు, అవి తవ్వి మోసి పెట్టాలి. అదయ్యాక ఒక గంట చదువు. మొదట అక్షరాలు, అక్షరాలయ్యాక మాటలు, మాటలయ్యాక విభక్తులు. ఇవాళ నేర్చుకున్నది రేపటికి పోయేది. మళ్ళీ నేర్చుకునేది, మళ్ళీ పోయేది. పట్నంలో పెద్దల సభ కూడా ఈ ఏడాది కాదు వచ్చే ఏడాది, వచ్చే ఏడాది కాదు ఆ పై ఏడాది అని వాయిదా వేస్తూనే ఉంది. మెడ మీద కత్తి అలా వేలాడుతూనే ఉంది.

కుందనా, నిద్రొస్తే పడుకోవే, రేపు చెప్తాను. రాలేదా? సరే, విను.

మిల్లు పనంతా ఎల్స్పెత్ మీద పడింది. ఒక సాయంత్రం తల్లి గడ్డలు మోసి మోసి గుమ్మంలోనే కూలబడిపోతే, ఆ పిల్ల బూట్లు విప్పుతూ అందిట:

“నాకు ఎర్లూ వద్దు, గిర్లూ వద్దు. నాన్నకీ వద్దు. నువ్వు ఇంట్లో ఉండి నాతో అన్నం తింటే చాలు. నాలుగేళ్ళయింది నువ్వు నా మొహం సరిగ్గా చూసి.”

“నీ కోసం కాదే,” అంది మోరాగ్. “ఎనభై పొయ్యిలున్నాయి.”

“మన పొయ్యి ఆరిపోయి ఉంది, చూశావా?” అంది పిల్ల.

నిజమే, ఆరిపోయి ఉంది. తల్లే లేచి పొయ్యి అంటించింది. మర్నాడు మళ్ళీ పాస్టరు గారి ఇంటికి వెళ్ళింది. ఏం చేస్తుంది మరి.

ఆఖరికి సభ రోజు ఖాయమైంది. నెల ముందే మోరాగ్ పట్నానికి బయల్దేరింది, నడిచి. పన్నెండు రోజుల నడక. ఇచ్చిన బిరుదులన్నీ రాజుగారి పెద్ద పుస్తకాల్లోనూ ఎక్కించి ఉంటాయని పాస్టరు గారు చెప్పారుట. ఆ పుస్తకాలుండే కచేరీకి వెళ్ళి, డన్వారీ పుట చూపించండి బాబూ అంటే, తలుపు దగ్గరివాడు గుమస్తాని అడగమన్నాడు, గుమస్తా పెద్ద గుమస్తాని అడగమన్నాడు, పెద్ద గుమస్తా తాళాలాయన్ని అడగమన్నాడు, తాళాలాయన చీటీ కావాలన్నాడు, చీటీ ఇచ్చేవాడు తలుపు దగ్గరివాణ్ణి అడిగి రమ్మన్నాడు. తలుపు దగ్గరివాడు మళ్ళీ గుమస్తాని అడగమన్నాడు. అలా పదకొండు రోజులు తిరిగింది. విసుక్కోలేదు, అరవలేదు. తిరగలి దగ్గర బతికిన మనిషి కదా, తిరగడం అలవాటే. పన్నెండో రోజున, ఈవిణ్ణి చూడలేకపోతున్నానని పెద్ద గుమస్తాయే పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు.

ఏ సంవత్సరమో తెలియదు. ఒక్కొక్క పుటా వేలు పెట్టి చదువుతూ వెళ్ళింది. ఆరో రోజున దొరికింది. ఇవాన్ పేరు, వాగు పేరు, డన్వారీ పేరు. ‘ఇవానుకీ, అతని సంతానానికీ’. అంతే. మగ అన్న మాట లేదు. మూడుసార్లు చదివింది. పైన చూసింది, కింద చూసింది, లేదు. అప్పుడేమన్నా గంతులేసిందనుకున్నారా? ఆ పుస్తకం మీదే తల పెట్టి నిద్రపోయింది. కచేరీ మూసే వేళకి గుమస్తా వచ్చి లేపాడు.

సభలో ముగ్గురు పెద్దలు. రానల్డ్ నిలబడి తన నకలు చదివాడు, బాగా చదివాడు. మోరాగ్ లేచి, అయ్యా, అసలు పుస్తకం తెప్పించండి, నేను చదువుతాను అంది. మిల్లుదానివి, నువ్వు లాటిన్ చదువుతావా అని వెనక ఎవరో నవ్వారు. పుస్తకం వచ్చింది. ఆవిడ కొండ యాసతో, ఒక్కొక్క మాటా వేలు కింద నొక్కిపెట్టి చదివింది. చదవడం అయ్యేసరికి ఎవరూ నవ్వడం లేదు.

ఒక పెద్దాయన, “వకీలు గారూ, మీ నకలు ఇలా ఇవ్వండి,” అన్నాడు. చూస్తే అందులో మగ అన్న మాట పంక్తికి పైన, మధ్యలో ఇరికించి రాసి ఉంది. ఇది ఎవరి రాత అని అడిగారు. రానల్డ్ ఆ మాట వైపు చాలాసేపు చూశాడుట.

“మా నాన్నగారిది,” అన్నాడు. “నేను ఎప్పుడూ పరకాయించి చూడలేదు.”

నిజంగానే చూడలేదో, చూసీ చూడనట్టున్నాడో మెక్రే మిస్సమ్మకీ తెలియదు. కాని ఆ తరవాత ఒక్క మాట వాదించలేదు. కాగితం తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

బిరుదు ఎల్స్పెత్‌దే అని తేల్చారు. డన్వారీకి పదో ఎర్లు, ఆడపిల్ల కాబట్టి కౌంటెస్ అంటారు. గుమస్తా కలం ముంచి రాస్తూ, మరి మీ పేరు ముందు ఏమని రాయమంటారు అని మోరాగ్‌ని అడిగాడు. ఆవిడకి బిరుదు రాదు కదా, ఆవిడ రక్తం వేరు. “ఏం అక్కర్లేదు బాబూ,” అందిట. “కాస్త మంచినీళ్ళుంటే ఇప్పించండి.”

తిరిగి పన్నెండు రోజులు నడిచింది. ఎనభై ఇళ్ళవాళ్ళూ వాగు దాకా ఎదురొచ్చారు, బాజాలు, పాటలు. ఎల్స్పెత్ కౌంటెస్‌గా మొదట చేసిన పని, ఎవరి ఇల్లు వాళ్ళదే, ఎవరి పొలం వాళ్ళదే, పిల్లల తరం దాకా కదిపేవాళ్ళు లేరు అని ఎనభై కాగితాలు రాయించడం. రెండో పని, జనాన్నందర్నీ మిల్లు గుమ్మంలోంచి పంపేయడం. లోపల మోరాగ్ పడుకుని ఉంది. రెండు రోజులు లేవలేదుట. ఆ పిల్ల తిరగలి ఆపేసి, చప్పుడు కాకుండా మంచం పక్కనే కూచుంది.

మూడో రోజు పొద్దున్న మోరాగ్ కళ్ళు తెరిచి, మిల్లు ఆగిందేమిటే అంది. నేనే ఆపాను అంది కూతురు. జావ కాచి తెచ్చింది. ఇద్దరూ తిన్నారు.

“ఇంక ఎక్కడికీ వెళ్ళవుగా?” అంది ఎల్స్పెత్.

“ఎక్కడికెళ్తానే,” అంది తల్లి. “ఏదీ, ఇలా వెలుతురులోకి రా, నీ మొహం చూడనీ.”

ఆ తరవాత బిరుదు ఎల్స్పెత్ కూతురికి వచ్చింది, ఆవిడ తరవాత ఆవిడ కొడుక్కి, అలా వస్తూనే ఉందిట. వాళ్ళ గోడ మీద ఎర్లులందరి బొమ్మలూ ఉన్నాయిట గాని మోరాగ్ బొమ్మ లేదు. రాయించుకోవడానికి ఆవిడకి తీరిక ఉంటేగా. దీన్లో నీతి ఏమిటంటారా? ఇంటికోసం తిరిగి తిరిగి వచ్చినవాళ్ళని ముందు పడుకోనివ్వాలి. లేచాక పక్కన కూచుని ఒక ముద్ద తినాలి. అంతే, అంతకన్నా నాకు తెలియదు.

కథ దాని దారిన అది కంచికి పోయింది. మనం ఎలాగూ ఇంట్లోనే ఉన్నాం కనక, దుప్పట్లు కప్పుకోండి.