రాయి ఇచ్చి పెళ్లికొడుకుని వదిలొచ్చారు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు గవరయ్య బస్సు అద్దాన్ని తువ్వాలుతో తుడిచాడు. ఎడారి మధ్యలో ఎర్రటి కొండ కనిపించింది.

"చూశావా రత్నాలూ, నేను తుడవబట్టే కొండ వచ్చింది. మన ఇంట్లో ఉన్న బుర్ర మన ఊరు చోడవరం మొత్తం వెతికినా దొరకదు."

"ఇంకాస్త తుడు మావా, ఇంకో కొండ వస్తుందేమో," అంది భార్య.

వాళ్ళు ఆస్ట్రేలియా దాకా వచ్చింది నిమ్మకాయంత రాయి కోసం. గవరయ్య తమ్ముడు పైడిరాజు ఆ కొండ దగ్గరి హోటల్లో రెండేళ్లు వంట చేసి, ఊరికొస్తూ ఆ రాయి జేబులో వేసుకొచ్చాడు. అతనికి పిల్లనిస్తానన్న మాస్టారు అది చూసి మండిపడ్డాడు.

"అది అక్కడి ఆదివాసులకి పవిత్రమైన కొండ. వాళ్ళది వాళ్ళకిచ్చి రండి. పై గురువారం ముహూర్తానికి పెళ్లికొడుకు పీటల మీద ఉండాలి. లేదంటే సంబంధం లేదు."

రాయిని పైడిరాజు ఒక్కడే మోయలేడేమోనని ముగ్గురూ బయల్దేరారు.

కొండ కింద ఆదివాసుల సాంస్కృతిక కేంద్రం ఉంది. నెల్లీ అనే పెద్దావిడ రాయిని రెండు చేతులా అందుకుంది. "లోపలికి రండి, మీ ఇల్లే అనుకోండి," అంది. పైడిరాజు ఆ ఇంగ్లీషు మాట తెలుగులో చెప్పాడు. అంతే. రత్నాలు చీపురు వెతికి గుమ్మం ఊడ్చింది, ముగ్గు పెట్టింది, తడిచీర గోడ మీది బొమ్మలకి అడ్డంగా ఆరేసింది. గవరయ్య లుంగీ కట్టుకుని తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళనల్లా "ఎవరు కావాలండీ?" అని ఆపాడు.

నెల్లీ చీర మడతపెట్టి చేతికిచ్చి, "బయటికెళ్ళి కొండ చెప్పేది వినండి," అని పంపింది. గవరయ్య వెళ్ళి కొండకి చెవి ఆనించాడు.

"ఏమంటోంది మావా?"

"ఏమీ అనడం లేదే."

"కుడి చెవి పెట్టు."

"కుడి చెవికీ చెప్పడం లేదు."

"దానికి తెలుగెలా వస్తుంది? మరిదీ, నువ్వు విను. నీకు ఇంగ్లీషు వచ్చుగా."

పైడిరాజు గంటసేపు విన్నాడు. "ఆలోచిస్తోంది వదినా," అన్నాడు.

పక్కనే బోర్డు ఉంది. పైడిరాజు చదివాడు: "ఫోటోలు తప్ప ఏమీ తీసుకెళ్ళకండి. అడుగుజాడలు తప్ప ఏమీ వదలకండి."

రత్నాలు సంచిలోంచి గిన్నె తీసింది. "మరి ఈ గిన్నెడు పులిహోర? తీసుకెళ్ళకూడదు. వదలకూడదు."

"తినెయ్యాలి," అన్నాడు గవరయ్య.

ఇంకేముంది! పదిమందికి సరిపడే పులిహోర పెళ్లికొడుకు చేత తినిపించారు. ఖాళీ గిన్నెని రత్నాలు నెత్తిన బోర్లించుకుని, "ఇప్పుడిది కూడా నేనే," అంది.

పదకొండు గంటలకి బస్సు హారన్ కొట్టింది. పైడిరాజు లేవలేకపోయాడు.

"అన్నయ్యా, ఎత్తుకో."

"ఎత్తుకుంటే తీసుకెళ్ళినట్టే కదరా. నువ్వు ఫోటోవా?"

"కాదు."

"మరి?"

"నన్ను వదిలేస్తే మాత్రం తప్పు కాదా?"

"నువ్వు కూర్చుంది నీ అడుగుజాడల మీదే. వాటిని వదలొచ్చు."

పైడిరాజుకి అది న్యాయంగానే తోచింది. "అయితే ఫోటో బాగా తియ్యి అన్నయ్యా. పీటల మీద ఉండాలి."

ఫోటో తీశారు. బస్సెక్కేశారు.

గురువారం ఆ ఫోటో పెద్దది చేయించి పీటల మీద పెట్టారు. పెళ్లికొడుకు బోసి మెడతో ఏం బాగుంటాడని రత్నాలు బంతిపూల దండ వేసింది. అంతే. దండ వేసిన ఫోటో చూడగానే పందిరంతా గొల్లుమంది. మాస్టారు కూలబడ్డాడు.

"అయ్యో, ఎలా జరిగిందమ్మా?"

"పులిహోర ఎక్కువైంది బాబూ," అంది రత్నాలు.

ఇంతమంది ఏడుస్తున్నారంటే ఏదో జరిగే ఉంటుందని గవరయ్య కూడా ఏడ్చాడు. పదకొండో రోజుకి భోజనాలు పెట్టించాడు.

సరిగ్గా విస్తళ్ళు వేస్తుండగా పైడిరాజు వచ్చాడు. కడుపు తగ్గాక నెల్లీ మనుషులే విమానం ఎక్కించారు. మాస్టారు సంతోషం పట్టలేక, "రేపే పెళ్లి!" అన్నాడు.

ఆ పెళ్లి ఏడాది వాయిదా పడిందని నాలుగు రోజుల తర్వాత ఊళ్ళో తెలిసింది. ఒప్పుకోనిది పైడిరాజేనట. దండ వేసిన తన ఫోటో చూసి, గుండు కొట్టించుకొచ్చి, "ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరక్కుండా పెళ్లేంటి మాస్టారూ?" అని భోరుమన్నాడట.