బొటనవేలి గుంట

అనగనగా యూదయ దేశంలో ఒక పల్లె, ఆ పల్లెలో తిర్సా అని ఓ తల్లి. తల్లంటే తల్లే గానీ చంకలో బిడ్డ లేదు. నడకలు నేర్చే పిల్లాడు జ్వరమొచ్చి పోయాడు, పాపం. ఊరి చివర ఒలీవ చెట్టు కింద పెట్టారు. రోజూ పొద్దున్నే పోయి ఆ మట్టిని చేత్తో నిమిరి వచ్చేది. పిచ్చిది, ఏం చేస్తుంది మరి.

ఊ కొడుతున్నావా సువార్తా?

అప్పుడు యెరూషలేముకి గోడలైతే కట్టారు గానీ లోపల మనుషుల్లేరు. పదిళ్ళకో ఇల్లు ఊరొదిలి అక్కడికి పోవాలన్నారు. ఎవరు పోవాలో దేవుడే చెప్పాలి, అందుకు చీట్లు వేసేవాళ్ళు. చీట్లంటే కాగితాలు కాదర్రా, కుండపెంకులు. ఇంటికో పెంకు తెచ్చి, గుర్తు పెట్టి, పెద్దాయన ఒడిలో వెయ్యాలి. ఆయన కళ్ళు మూసుకుని ఒకటి తీస్తాడు. ఎవరి పెంకొస్తే వాళ్ళు మూట కట్టాల్సిందే.

తిర్సా ఇంట్లో పగిలింది ఒక్కటే, పిల్లాడు గంజి తాగిన గిన్నె. అది పచ్చిమట్టిగా ఉన్నప్పుడే వాడు బొటనవేలు గుచ్చాడు, ఆ గుంట అలాగే ఉండిపోయింది. ఆ పెంకే తెచ్చింది. చెయ్యి ఒడిలోకి పోయింది గానీ వేళ్ళు విడలేదు. ఆ పెంకొస్తే బిడ్డ మట్టిని వదిలిపోవాలి కదా. మూసిన పిడికిలి మూసినట్టే వెనక్కి తీసుకుంది. ఎవరూ చూళ్ళేదు.

పెద్దాయన తీస్తే పక్కింటి సిల్లా పెంకొచ్చింది. సిల్లాకి నెలలు నిండాయి, ఆ కొండదారుల్లో ఎట్లా నడుస్తుంది? అయినా దేవుడి మాటే అనుకుని, కడుపు పట్టుకుని కూలబడింది. తిర్సాకి గుండె చెరువైపోయింది. ఇది దేవుడి మాట కాదు, తను దాచిన పెంకు చేసిన పని. ఇంకో తల్లి బిడ్డ దారిలో పోతే ఏం కాను అనుకుంది. లేచి వెళ్ళి, పెద్దాయన ముందు పిడికిలి విప్పి, ఆ గుంట ఎవరిదో చెప్పింది.

ఆయన తిట్టలేదు. పెంకులన్నీ మళ్ళీ వేయించాడు. ఈసారి తిర్సా వేళ్ళు విడిచింది. ఆయన కళ్ళు మూసుకుని తీస్తే, చేతికి ఆ గుంటే తగిలింది. ఆ ముసలాయనకీ కళ్ళ నీళ్ళొచ్చాయి. పెంకు ఆమెకే ఇచ్చేశాడు.

తిర్సా, ఆమె మొగుడు బయల్దేరేటప్పుడు సిల్లా వచ్చి, అక్కా, ఆ మట్టిని రోజూ నేను నిమురుతాను, నా బిడ్డకీ నేర్పుతాను అంది. అన్నట్టే చేసిందర్రా.

తిర్సా పట్నంలో కొత్తింటి గోడకి ఆ పెంకు అతికించుకుని, పొద్దున్నే దాన్ని నిమిరేది. ఏడ్చేది కూడా, ఎందుకేడవదు? కొన్నేళ్ళకి సిల్లా కొడుకు పండక్కి వచ్చాడు. వచ్చీ రాగానే ఆ గుంటలో బొటనవేలు పెట్టాడు. పట్టలేదు. అన్న నాకంటే చిన్నోడా పెద్దమ్మా అన్నాడట. తిర్సా వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, చాన్నాళ్ళకి నవ్వింది.

మనం దాచుకున్నది ఇంకొకరి మీద పడుతుంటే పిడికిలి విప్పాలమ్మా, ఏడుస్తూనైనా విప్పాలి. కథ యెరూషలేముకి, మనం దుప్పట్లోకి.