గట్టి పూత

లెక్క తేలిపోయాక కూడా గురువు సంతకం పెట్టడం లేదు. కౌండిన్య బాధ అదీ.

కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డున ఒక ఆడపిల్లల బడి ఉంది. దాని ఆవరణ మీద గుడ్డ పందిరి వేస్తున్నారు. పాలియెస్టర్ దారాలతో నేసి, రెండువైపులా ప్లాస్టిక్ పూత పూసి, ఉక్కు స్తంభాల మధ్య డోలు తోలులా బిగించే గుడ్డ అది. దాని కిందే బడి మొత్తం కూర్చుని అన్నం తింటుంది. ఎలాంటి పూత వేయించాలో తేల్చమని ఇంజనీరింగ్ కాలేజీని అడిగారు. సౌదామిని మేడం దగ్గర పరిశోధన చేస్తున్న కౌండిన్య ఆ పని నెత్తినేసుకున్నాడు.

కంప్యూటర్లో ఆ గుడ్డకు ఒక మోడల్ కట్టాడు. ఎంత లాగితే ఎంత సాగుతుందో అది ముందే చెప్పేస్తుంది. ల్యాబులో నిజంగా లాగి చూస్తే లెక్క గీసిన గీత మీదే అసలు గీతా పడింది. పూత ఎంత గట్టిదైతే గుడ్డ అంత తక్కువ సాగుతోంది. ఇంకేం కావాలి? గట్టి పూతే వేయించండి అని రాసేశాడు. పొద్దున్నే ఫ్యాక్టరీకి ఫోన్లో ఖాయమనేశాడు కూడా. మధ్యాహ్నానికల్లా సంతకం పెట్టిన కాగితం పంపాలి.

మేడం కాగితాలన్నీ తిరగేసి అడిగింది. "ఇందులో దారాలేవి?"

"దారాలెందుకు మేడం? పూత పూశాక అంతా ఒకటే రేకు. నిలువున పడుగు వైపు ఇంత బలం, అడ్డంగా పేక వైపు ఇంత బలం అని ఇచ్చేశాను. సరిపోయింది కదా!"

పక్క బల్ల దగ్గరున్న రుఖియా తలెత్తింది. కౌండిన్యతోపాటే పరిశోధనలో చేరిన అమ్మాయి. అతనితో వాదించకుండా టీ కూడా తాగదు.

"తుఫానుకి ఏ తగరం ముక్కో ఎగిరొచ్చి గుచ్చుకుంటే?"

"చిన్న కోత పడుతుంది. అతుకేస్తారు. నీ చున్నీ అనుకున్నావా, సర్రున చిరిగిపోడానికి?"

"నా చున్నీ సంగతి వదిలెయ్. ఆ కోత కింద నువ్వు కూర్చుంటావా?"

"కూర్చోడమేంటి, దుప్పటి కప్పుకుని పడుకుంటా!"

మేడం నవ్వలేదు. లేచి, "రండి" అంది.

ల్యాబు వెనక ఆరుబయట మనిషెత్తు ఇనుప ఫ్రేములు రెండున్నాయి. ఒకదానికి కౌండిన్య మెచ్చిన గట్టి పూత గుడ్డ, రెండోదానికి మెత్తటి పూత గుడ్డ కట్టించింది. రెంటికీ అదే దారం, అదే నేత. పందిరికి ఎంత బిగింపు ఉంటుందో అంతే బిగించింది. పైన బక్కెట్లతో నీళ్లు పోయించింది. రెండు గుడ్డలూ కొంచెం కిందికి వంగి, పళ్లెంలా నీళ్లను పట్టుకుని నిలబడ్డాయి.

"పడుకోనక్కర్లేదు. కూర్చో చాలు" అంది, గట్టి పూత గుడ్డ కింద స్టూలు వేసి.

కౌండిన్య కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. రుఖియా వైపు చూసి కనుబొమలెగరేశాడు.

మేడం నిచ్చెన ఎక్కి, కత్తితో గుడ్డ మీద చూపుడువేలంత గాటు పెట్టింది.

తుపాకీ పేలినట్టు ఠాప్ మంది. చూపుడువేలంత కోత ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒక్క ఊపున పరిగెత్తింది. నీళ్లన్నీ ఒకేసారి మీద పడ్డాయి. స్టూలు ఎటో, కౌండిన్య ఎటో. కళ్లజోడు కాలవలో ఉంది. రుఖియా నవ్వబోయి, పైకి చూసి ఆగిపోయింది. ఇందాక గుడ్డ ఉన్న చోట ఆకాశం కనిపిస్తోంది.



మేడం కిందికి దిగింది. పడిపోయిన స్టూలు తీసుకెళ్లి రెండో గుడ్డ కింద వేసింది. గంజి పెట్టిన నేత చీర సర్దుకుని తాను కూర్చుంది. కత్తి కౌండిన్య వైపు చాచింది.

"మేడం, వద్దు!" అంది రుఖియా.

"అంతే పొడవు కొయ్యి."

"నా వల్ల కాదు మేడం."

"నీ లెక్క ఏమంటోంది?"

కౌండిన్య ఆవిడ తల మీది గుడ్డ వైపు చూశాడు. "మెత్తటిది... ఇది ఇంకా ముందే తెగాలి."

"మరి ఇందాక సంతకం పెట్టమన్నావు. లెక్క మీద నమ్మకముంటే కొయ్యి. నన్ను తడుపు."

అతను నిచ్చెన ఎక్కాడు. కిందున్న నెరిసిన తల గుడ్డ చాటున కనబడటం లేదు. అది మరీ భయంగా ఉంది. కళ్లు మూసుకుని కోశాడు.

చప్పుడేమీ రాలేదు.

కళ్లు తెరిచాడు. కోత కన్ను విప్పినట్టు కాస్త తెరుచుకుంది. అక్కడితో ఆగింది. సన్నటి ధార మేడం భుజం మీద పడుతోంది. ఆవిడ కదల్లేదు.

కౌండిన్య వంగి చూశాడు. కోత చివర దారాలు మెత్తటి పూతలో తమ తమ చోట్లు వదిలి పక్కకు జరిగాయి. ఒకదాని పక్కకొకటి చేరి గుత్తిగా నిలబడ్డాయి. లాగుడంతా ఆ గుత్తి మీదే ఉంది.

జేబులో ఫోన్ మోగింది. ఫ్యాక్టరీ నుంచి.

"సార్, గట్టిదే కదా? మొదలుపెట్టమంటారా?"

"ఆపండి" అన్నాడు.

"అదేంటి సార్, పొద్దున్నేగా ఖాయమన్నారు!"

"పొద్దున తెలీక అన్నానండీ. ఆపండి. దాని కింద పిల్లలు కూర్చుంటారు."

నిచ్చెన దిగొచ్చి గురువు ముందు నిలబడ్డాడు. ఇద్దరి బట్టల నుంచీ నీళ్లు కారుతున్నాయి.

"రెంటికీ దారం ఒకటే, నేత ఒకటే. మరి నా గుడ్డలో దారాలు ఎందుకు చేరలేదు మేడం? ఎందుకు ఒక్కొక్కటీ తెగిపోయాయి?"

సౌదామిని మేడం కొంగు పిండుకుంటూ అంది:

"వాటిని కదలనిచ్చావా?"