కోటతలుపు తెరుచుకోని సాయంత్రం

కీలక నామ సంవత్సరం కార్తీక శుద్ధ ఏకాదశి, శుక్రవారం, అంటే 1968 నవంబరు ఒకటో తారీకు సాయంత్రం ఆరూ నలభైకి, చప్పట్లు వినబడితే ఒళ్లు మరిచిపోయే మా తాతయ్య భావనారాయణగారు బాపట్ల టౌన్‌హాల్లో ఒకే ఒక్క పద్యం ఒక్కసారి పాడి ఊరుకోవలసి వచ్చింది. ఊరుకోలేకపోయారు. ఆ సంగతి మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ చెబుతూ వస్తున్నాం. మీకూ చెబుతాను.

తాతయ్య పద్యనాటకాల మనిషి. ఆయన తండ్రిగారు రాసిన ‘కోటతలుపు’ నాటకంలో ధర్మకేతు మహారాజు వేషం నలభై ఏళ్లు వేశారు. కథ చిన్నదే. శత్రువులు దగ్గరలో పొంచి ఉన్నారని ధర్మకేతు ఒక ఆన పెడతాడు. పొద్దుగూకాక కోటతలుపు ఎవరి కోసమూ తెరవకూడదు. ఆయన కూతురు కువలయ కార్తీకదీపాలు వదలడానికి ఏటికి వెళ్లి, నీళ్లమీద సాగిపోయే దీపాలను చూస్తూ పొద్దు మరిచిపోతుంది. తిరిగొచ్చేసరికి తలుపు మూసి ఉంటుంది. ఇవతల కూతురు తడుతూ ఉంటుంది. అవతల తండ్రి గడియమీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంటాడు. అన్నమాట కోసం ఆయన తలుపు తీయడు. ఎక్కడినుంచో ఒక బాణం వస్తుంది. తెల్లవారి తలుపు తీస్తే గడపమీద కువలయ ఉంటుంది.

ఆ చివరి అంకంలో తండ్రికి పదహారు పద్యాలు ఉండేవి. తాతయ్య వాటిని పాడుతుంటే పొన్నూరులోనూ రేపల్లెలోనూ జనం చెట్లెక్కి వినేవారు. ప్రతి పద్యానికీ “వన్స్ మోర్!” అని కేకలు పడేవి. నాటకాల్లో అది మామూలే. పద్యం నచ్చితే చచ్చిపోయినవాడు కూడా లేచి, ఒళ్లు దులుపుకుని, మళ్లీ పాడి మళ్లీ చచ్చిపోయేవాడు. ఎవరూ నవ్వేవారు కాదు. కళ్లొత్తుకుని మళ్లీ అడిగేవారు.

రానురాను నాటకాలు తగ్గిపోయాయి. కిరీటం అటకెక్కింది. తాతయ్య మాత్రం పెరట్లో మల్లెపాదు దగ్గర నిలబడి పాడుకుంటూ ఉండేవారు. గొంతు ఆపాక కాసేపు చెవి రిక్కించేవారు. ఎవరో ఎక్కడినుంచో అడుగుతారని.

మా పిన్ని హైమవతి ఆయన చిన్నకూతురు. కూచిపూడిలో గురువుగారి దగ్గర ఎనిమిదేళ్లు నేర్చుకుని వచ్చి, మా మేడమీద పదిమంది ఆడపిల్లలకు నృత్యం నేర్పుతూ ఉండేది. ఆ బడే ఆమెకు ప్రాణం. కానీ పిల్లల తల్లులకు అంత గురి కుదరలేదు.

“బడి వార్షికోత్సవానికి నాలుగు ముక్కలొస్తే చాలదా హైమా? మిగతా పొద్దు లెక్కలు చేసుకుంటారు,” అనేది ప్లీడరుగారి భార్య కామేశ్వరమ్మ.

“మా తాతగారి నాటకాన్ని నృత్యం చేస్తానండీ. ఏకాదశినాడు టౌన్‌హాల్లో. అది చూశాక కూడా మీకు లెక్కలే ముఖ్యమనిపిస్తే పిల్లల్ని మాన్పించండి. నేనేమీ అనుకోను,” అంది పిన్ని.

తల్లులంతా ఆ మాటకు ఒప్పుకున్నారు.

ఆ రెండు నెలలూ మా మేడ మరో లోకంలా ఉండేది. సాయంత్రమయ్యేసరికి సూర్యలంక వైపు నుంచి ఉప్పుగాలి వచ్చేది. సాంబ్రాణి పొగ కిటికీలోంచి వచ్చే ఎండలో మెల్లగా మెలితిరిగేది. గజ్జెల చప్పుడు మెట్లమీదుగా దిగి, వంటింట్లో మరిగే చారులో కలిసిపోతుందా అనిపించేది. కింద కూర్చుని వింటే, పైన ఎవరో వానను అభ్యాసం చేయిస్తున్నట్టు ఉండేది.

తాతయ్య నాటకం రాతప్రతి పట్టుకుని పడక్కుర్చీలో కూర్చునేవారు. మస్తాన్‌గారు హార్మోనీ ముందు కూర్చునేవారు. తాతయ్య పాడిన ప్రతి నాటకానికీ హార్మోనీ వాయించింది ఆయనే.

“ఐదు గంటల నాటకం నాన్నగారూ. నాకిచ్చింది ముప్పావుగంట. నూట పన్నెండు పద్యాల్లో ఏడుంచాను,” అంది పిన్ని.

“ఏడా!” అన్నారు తాతయ్య. “మా నాన్న చేతివేళ్లు నరికినట్టుందే అమ్మాయ్!”

“ఏటి పద్యాలు పాదాలతో చెబుతాను. దీపాల పద్యాలు కళ్లతో చెబుతాను. పోయేదేమీ లేదు.”

“మరి కోటతలుపో? కర్రతో చేయించాలంటే వడ్రంగి కావాలి.”

పిన్ని చప్పట్లు కొట్టింది. పదిమంది పిల్లలూ వరుసగా నిలబడి, భుజానికి భుజం ఆనించి, అరచేతులు ముందుకు చాపారు. అంతే, అక్కడ తలుపు నిలబడింది. ఊపిరి తీసుకునే తలుపు. తాతయ్య కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు.

“బాగుంది. మరి నేనెక్కడ నిలబడాలి?”

పిన్ని తల వంచుకుంది. “మీరు కనబడరు నాన్నగారూ. తెర పక్కన మస్తాన్‌గారి దగ్గర కూర్చోవాలి. కువలయకు తండ్రి కనబడడు కదా. తలుపు వెనకనుంచి గొంతొక్కటే వినబడుతుంది.”

“విన్నావా మస్తానూ? రాజునే కోసేసింది!”

“గొంతు ఉంచింది కదా పంతులుగారూ, సంతోషించండి. నాకైతే హార్మోనీ కూడా మెల్లగా వాయించమంది,” అన్నారు మస్తాన్‌గారు నవ్వుతూ.

చివరి అంకంలో పదహారు పద్యాలకు ఒక్కటే మిగిలింది. పాలబువ్వ కలిపి పెట్టిన ఈ చేతులు గడియ తీయలేకపోయాయే అని తండ్రి ఏడ్చే పద్యం. అది సాగుతున్నంతసేపూ బాణం దెబ్బ తిన్న కువలయ లేవబోయి, పడి, మళ్లీ లేవబోతుంది. ఆఖరి అక్షరం దగ్గర ఒరిగిపోతుంది.

“ఆ తరవాత ఏమీ ఉండకూడదు. మృదంగం, హార్మోనీ, గజ్జె, మీ గొంతు, అన్నీ ఆగిపోవాలి. ఆ నిశ్శబ్దంలో తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. కథంతా అక్కడుంది నాన్నగారూ,” అంది పిన్ని.

“నిశ్శబ్దం వినడానికి హాలుదాకా రావాలటే? మన పెరట్లో బోలెడుంది,” అన్నారు తాతయ్య.

“ఎవరైనా వన్స్ మోర్ అంటే?” అని అడిగింది పిన్ని.

పిన్ని ఆయన్ని దేవుడి గదికి తీసుకెళ్లింది. దీపం ముందు నిలబెట్టి, “ఒక్కసారే పాడతానని చెప్పండి,” అంది. తాతయ్య దీపంవైపు చూసి, “ఒక్కసారే,” అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఏకాదశి సాయంత్రం టౌన్‌హాలు నిండిపోయింది. తల్లులంతా రెండో వరుసలో కూర్చున్నారు. అమ్మమ్మ ఉపవాసం ఉండి కూడా వచ్చింది.

తెర లేచింది. కువలయ వేషంలో పిన్ని అరచేతుల్లో లేని దీపాలను ఒక్కొక్కటే ఏట్లో వదిలింది. అవి నిజంగానే తేలిపోతున్నట్టు ముందు వరుసలోని పిల్లలు తలలు తిప్పి చూశారు. పొద్దుగూకింది. పదిమంది పిల్లలూ తలుపై నిలబడ్డారు. పిన్ని పాదంతో తట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. హాల్లో ఎవరో ఆడమనిషి, “తీయండయ్యా, పసిపిల్ల!” అంది.

బాణం తగిలింది. తెర పక్కనుంచి తాతయ్య పద్యం ఎత్తుకున్నారు. నాకు తెలిసినవాళ్లంతా చెప్పిన మాట ఒకటే, ఆయన జన్మలో అంత బాగా ఎన్నడూ పాడలేదని. రాగం సన్నగా తీగసాగి, ఆఖరి అక్షరం రాలింది. కువలయ ఒరిగిపోయింది. మృదంగం ఆగింది.

నిశ్శబ్దం వచ్చింది. హాలంతా కల కంటున్నట్టు కూర్చుంది. కామేశ్వరమ్మ పమిటకొంగు నోట్లో కుక్కుకుంది. తలుపు మధ్యలో ఉన్న ఇద్దరు పిల్లలు మెల్లగా, చాలా మెల్లగా, పక్కకు జరగడం మొదలుపెట్టారు.

తెర పక్కన చీకట్లో తాతయ్యకు ఇవేమీ కనబడలేదు. చప్పట్లు లేవు. దగ్గు కూడా లేదు. నలభై ఏళ్లలో తన పద్యం తరవాత ఇంత ఖాళీ ఆయన ఎరగరు. నచ్చలేదేమో అనుకున్నారు. అప్పుడే హాలు వెనకనుంచి ఒక పాత అభిమాని గొంతు వినబడింది.

“భావనారాయణా! వన్స్ మోర్!”

మస్తాన్‌గారు చటుక్కున ఆయన మోకాలు నొక్కిపట్టారు. “వద్దు పంతులుగారూ. అమ్మాయికి మాటిచ్చారు.”

“ఒక్కసారి, మస్తానూ. అడిగారు కదా,” అన్నారు తాతయ్య. పాడేశారు.

మృదంగం వాయించేవాడు గబుక్కున తాళం అందుకున్నాడు. తెరుచుకుంటున్న తలుపు ఆగిపోయింది. సగంమంది పిల్లలు మళ్లీ మూసుకున్నారు, సగంమంది తెరిచే ఉన్నారు. చివర నిలబడ్డ చిన్నపిల్ల ఎటు పోవాలో తెలియక ఏడుపుమొహం పెట్టింది. పిన్ని కాసేపు కదలకుండా పడుకునే ఉంది. పిల్లలు తనవైపే చూస్తున్నారని గ్రహించి, వాళ్లను కాపాడుకోవడానికి, ఇక తప్పక లేచింది.

“అమ్మా! చచ్చిపోయినక్క లేచిందే!” అని ఒక పిల్లాడు అరిచాడు.

హాలు గొల్లుమంది. కువలయ రెండోసారి చచ్చిపోయింది. వెనకనుంచి ఈలలు. “వన్స్ మోర్! వన్స్ మోర్!” ఈసారి సరదాకే అడుగుతున్నారు. లోపల కూర్చున్న తాతయ్యకు సరదాకీ మెప్పుకీ తేడా తెలియలేదు. మూడోసారి కూడా పాడారు. తలుపుగా నిలబడ్డ పిల్లలే నవ్వు ఆపుకోలేకపోయారు. ఇక లాభం లేదని తెరలాగేవాడు తెర దించేశాడు. కోటతలుపు తెరుచుకోనే లేదు.

సభ తరపున తాతయ్యకు బంతిపూల దండ వేశారు. బయట కామేశ్వరమ్మ పిన్నితో, “ఏడిపిస్తావనుకున్నాం హైమా. కడుపుబ్బ నవ్వించావు,” అని రిక్షా ఎక్కేసింది.

ఇంటికి వచ్చాక పిన్ని గజ్జెలు విప్పుకుంటూ కూర్చుంది. తాతయ్య ఉండబట్టలేక, “ఏమే, మాట్లాడవేం? రెండు వన్స్ మోర్‌లు వచ్చాయి!” అన్నారు.

“వచ్చాయి నాన్నగారూ. మీకు రెండుసార్లు వచ్చాయి. పాపం కువలయే, ఒక్కసారి కూడా చచ్చిపోలేదు,” అంది పిన్ని.

తాతయ్య అమ్మమ్మవైపు చూశారు. ఆవిడ మెల్లగా అంది. “ఉపవాసం నాకైతే, ఆకలి మీకు వేసిందండీ.”

ఆయన దండ తీసి బల్లమీద పెట్టి, అన్నం వద్దని లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు ద్వాదశి. తెల్లవారుజామునే అమ్మమ్మ స్నానం చేసి, ఉపవాసం విడిచే పారణకు అవిసాకు కూర వండడం మొదలుపెట్టింది. ఏడు గంటలకు నృత్యం నేర్చుకునే పిల్లలు రావాలి. ముగ్గురే వచ్చారు. ఏడిళ్లనుంచీ, పిల్లలకు చదువుందని కబురొచ్చింది. పిన్ని ఆ ముగ్గురినీ నిలబెట్టి చూసింది. ముగ్గురితో తలుపు కాదు. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

తాతయ్య మెట్లమీద నిలబడి అంతా చూశారు. కిందికి దిగి కండువా వేసుకున్నారు.

“ఎక్కడికండీ, పొద్దున్నే?”

“ఏడిళ్లకు.”

అమ్మమ్మ గరిటె పక్కనపెట్టింది. “ద్వాదశి ఘడియలు పదిన్నర దాకానే ఉన్నాయి. మీరొచ్చేదాకా నేను ముద్ద ముట్టను.”

ఎవరింటి గుమ్మం ముందూ నిలబడని మనిషి ఆ పొద్దు ఏడు గుమ్మాల ముందు నిలబడ్డారు. “తప్పు మా అమ్మాయిది కాదమ్మా, మీ పిల్లలది అసలే కాదు. దీపం ముందు మాటిచ్చి తప్పినవాణ్ణి నేను. ఒక్క పావుగంట మా మేడమీదికి రండి. ఆ తరవాత మీ ఇష్టం,” అన్నారు. కామేశ్వరమ్మ పెద్దాయన మొహం చూసి చెప్పులు తొడుక్కుంది.

తొమ్మిదిన్నరకు ఐదుగురు తల్లులు పిల్లల్ని తీసుకుని వచ్చారు. ఇద్దరు రాలేదు. ఆ ఇద్దరూ ఆ తరవాత ఎప్పుడూ రాలేదు.

మేడమీద ఎండ పలచగా పరుచుకుని ఉంది. ఎనిమిదిమంది పిల్లలు తలుపుగా నిలబడ్డారు. పట్టుచీర లేదు, నగలు లేవు. పిన్ని నూలుచీర బిగించి కట్టుకుని పాదంతో తట్టింది. తాతయ్య గోడవైపు తిరిగి కూర్చుని పద్యం పాడారు. ఆఖరి అక్షరం దగ్గర రాగాన్ని పొడిగించకుండా వదిలేశారు. కువలయ ఒరిగింది.

ఎక్కడా చప్పుడు లేదు. సాంబ్రాణి పొగ కూడా కదలడం మానేసిందేమో అనిపించింది. తలుపు మధ్యలోంచి విడివడి, ఎనిమిది జతల చేతులు రెండువైపులకూ నెమ్మదిగా తెరుచుకున్నాయి. వాటిలోంచి వచ్చిన ఎండ కువలయ మొహంమీద పడింది. చాలాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. కామేశ్వరమ్మ ఏడుస్తూ లేచి వెళ్లి తన కూతుర్ని దగ్గరకు తీసుకుంది. తాతయ్య గోడవైపే చూస్తూ కూర్చున్నారు. ఆ నిశ్శబ్దం తనకు వచ్చిందా, తన కూతురికి వచ్చిందా అని ఆయన ఆలోచించలేదు.

పదింబావుకి అమ్మమ్మ విస్తళ్లు వేసింది. తల్లులూ పిల్లలూ మస్తాన్‌గారూ అందరూ కూర్చున్నారు. అవిసాకు కూర, నేతిచుక్క వేసిన వేడి అన్నం వడ్డించింది. తాతయ్య విస్తరి ముందు కూర్చుంటూ, “హైమా, సోమవారం నుంచి నీ పిల్లలకు పాడడానికి నన్ను ఏ వేళకు రమ్మంటావమ్మా?” అని అడిగారు. ఘడియలు దాటకముందే ఇంటిల్లిపాదీ పారణ చేశాం.

తన మెప్పుకోసం పదిమంది పడ్డ కష్టాన్ని పాడుచేయకూడదు. ఆగవలసిన చోట ఆగడం తెలిసినవాడే పెద్ద కళాకారుడు.