మేత వెయ్యని రెండు రోజులు

హైమవతి గారిని ఏదైనా అడిగి ఆ రోజే జవాబు తీసుకెళ్లిన శిష్యుడు ఇంతవరకూ లేడు. తిరుపతిలో ఒక పరిశోధనశాలను ఇరవై రెండేళ్లుగా ఆమె నడుపుతున్నారు. ప్రశ్న వినగానే కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటారు, "ఊఁ" అంటారు, వేరే పనిలో పడిపోతారు. తర్వాత ఎప్పుడో ఒకనాడు ఎక్కడికో వెంట రమ్మంటారు. అక్కడ కనిపించిందే జవాబు. కనిపించకపోతే అది అడిగినవాడి ఖర్మ.

ఆమె శిష్యుల్లో ఓబులేసు ఐదేళ్లుగా ఒకే విషయం పట్టుకుని కూర్చున్నాడు. మెదడులో మూలకణాలని ఉంటాయి. అవి తమలాంటివాటిని మరిన్ని పుట్టించుకుంటూ పెరగగలవు, ఆ పని మానుకుని నాడీకణాలుగా మారిపోనూ గలవు. నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వాడే చిన్న ప్రోటీన్ ముక్క ఒకటుంది, న్యూరోపెప్టైడ్ అంటారు. ఆ కబురు మూలకణాలకు అందితే ఏమవుతుందన్నదే అతని పరిశోధన. మూడు జట్ల పళ్లాలలో పెప్టైడ్ వేస్తే కణాలు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. ఇంకేముంది, ఈ పెప్టైడ్ పెరుగుదలకే అని థీసిస్ సగం రాసేసుకున్నాడు. అప్పుడు నాలుగో జట్టు వచ్చి కొంప ముంచింది. అదే పెప్టైడ్, అదే మోతాదు. కణాలు మాత్రం పెరగడం ఆపేసి, సన్నని పోగులు చాచుకుని, బుద్ధిగా నాడీకణాలై కూర్చున్నాయి.

కారణం లోకానికి తెలియదు గానీ ఓబులేసుకు అనుమానం ఉంది. మూలకణాలకు రోజూ గ్రోత్ ఫ్యాక్టర్ చుక్కలు వెయ్యాలి. ల్యాబ్‌లో దాన్ని మేత అంటారు. మేత అందినంత కాలం అవి పెరుగుతూనే ఉంటాయి. నాలుగో జట్టుకు ఒక శనివారం, ఆదివారం ఆ మేత పడలేదు. ఓబులేసు మేనమామ కూతురి పెళ్లికి ప్రొద్దుటూరు వెళ్లాడు. సోమవారం తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు పెప్టైడ్ వేసి, నోట్‌బుక్‌లో రెండు రోజులకూ మేత వేసినట్టు సంతకాలు పెట్టాడు. మేత మరిచిపోయినవాణ్ని హైమవతి గారు నాలుగు తిట్టి వదిలేస్తారు. వెయ్యకుండా వేశానని రాసిన ఒకణ్ని మూడేళ్ల కిందట ఇంటికి పంపేశారు. వాడు సామాను సర్దుకుని వెళ్లడం ఓబులేసు కళ్లారా చూశాడు.

అందుకే ప్రశ్నను జాగ్రత్తగా చెక్కుకుని ఆమె ముందు పెట్టాడు.

"మేడం, ఈ పెప్టైడ్ అసలు స్వభావం ఏది? పెంచడమా, మార్చడమా? మూడు జట్లు ఒక మాట చెప్తావుంటే ఒకటి అడ్డం తిరిగింది. నాలుగోది పాడైపోయిందనుకుని తీసేయొచ్చా?"

హైమవతి గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "ఊఁ" అన్నారు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే ఆమె తన పాత కారులో అతన్ని ఎక్కించుకుని పలమనేరు దగ్గర తన సొంత ఊరికి తీసుకెళ్లారు. అక్కడ ఆమె చిన్ననాటి పొరుగింటి మునెమ్మ పట్టుపురుగులు పెంచుతుంది. "ఏం హైమా, ఇంత చిక్కిపోతివే!" అంటూ మునెమ్మ ఎదురొచ్చింది. ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. హైమవతి గారు గ్లాసు పట్టుకుని మల్బరీ తోటలోకి నడిచారు, పండ్లు కోసుకోవడానికి. ఓబులేసును మునెమ్మకు అప్పగించినట్టే అయింది.

షెడ్డులో గోడకు రెండు చంద్రికలు ఆనించి ఉన్నాయి. పురుగులు గూళ్లు కట్టుకోవడానికి వెదురుతో అల్లిన తడికలవి. ఒకదాని నిండా బొద్దుగా, గట్టిగా ఉన్న గూళ్లు. రెండోదాంట్లో గూళ్లు చిన్నవి, వేలు పెడితే లోపలికి పోయేంత పలచన. 

"ఇవి వేరే జాతివా అమ్మా?" అని ఓబులేసు అడిగాడు.

"ఒకే జాతి నాయినా. మూడు నాలుగు దినాలు ముందూ ఎనకా పొదిగినాయి, అంతే. ఒకే తోటలో ఆకు తినినాయి. చల్లిన మందు గూడా ఒకటే."

పురుగు పండి గూటికి సిద్ధమయ్యే వేళకు ఆకు మీద చల్లే మందు ఒకటుంది. అది తింటే పురుగులన్నీ ఒక్కసారే గూడు కట్టడం మొదలుపెడతాయి.

"అయితే మందు కల్తీ అయ్యుంటుంది," అన్నాడు ఓబులేసు, పరిశోధకుడు కదా.

మునెమ్మ నవ్వింది. "మందునంటే కండ్లు పోతాయి నాయినా. ఈ పురుగు నాలుగో జ్వరం లేచి ఏడు దినాలు తినింది. ఆ పురుగు మూడు దినాలే తినింది." పురుగు తిండి మాని చర్మం విడిచే నిద్రను అక్కడివాళ్లు జ్వరమంటారు. "అన్నీ ఒకే పొద్దు గూటికెక్కితే నా పని తీరిపోతాదని రెండిట్లో ఒకే పొద్దు చల్లేసినా. మందు కట్టమనింది. పాపం, కడుపులో పట్టు లేకపోయినా అవి కట్టేసినాయి. పురుగును చూడకుండా చల్లింది నేను."

"మరి పారెయ్యకుండా ఎందుకు పెట్టుకున్నారు?"

"పారేస్తే రేపు నా కోడలు ఇదే పని చేస్తాది. దానికి చూపించల్ల కదా! చేసింది నేనేనని చెప్పేదానికి సిగ్గుపడితే, ఇంగ జన్మంతా మందును తిట్టుకుంటా కూర్చోవల్ల."

మునెమ్మ తన సంగతే చెప్పుకుంది. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఓబులేసు మొహం కందిపోయింది. తోటలోంచి మేడం వస్తున్నారేమోనని తలుపు వైపు చూశాడు. ఆమె చీర చెంగులో పండ్లు పోసుకుంటూ దూరంగానే ఉన్నారు.

తిరుగు ప్రయాణంలో అతను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. నాలుగో జట్టు పాడైందని ఒక్క మాట రాస్తే చాలు, వచ్చే ఏడు డాక్టర్ ఓబులేసు. ఊళ్లో అమ్మ అప్పుడే అందరికీ చెప్పేసుకుంది కూడా. నిజం చెబితే సామాను సర్దుకోవాలి. అతనికి నిజంగా భయం వేసింది. అయితే ఆ భయం కింద ఇంకొకటి కూడా మెదులుతోంది. ఆ పళ్లాలలో కణాలు పాడవలేదు. మేత ఆగిన రెండు రోజుల్లో అవి వేరే వయసుకు వచ్చి ఉంటే? ఐదేళ్లలో తాను చూసిన ఒకే ఒక్క కొత్త సంగతి అదేనేమో. దాన్నే తీసి పారేయబోయాడు.

మొగిలి ఘాటు దిగాక నోరు పెగిలింది.

"మేడం, నాలుగో జట్టుకు రెండు దినాలు మేత వెయ్యలేదు. పెళ్లికి పోయినా. వేసినట్టు సంతకం పెట్టినా."

హైమవతి గారు హారన్ కొట్టారు. ముందున్న లారీని దాటారు. ఇంకొక లారీని దాటారు. ఓబులేసు మనసులో అప్పుడే పెట్టె సర్దుకుంటున్నాడు.

"పెళ్లి భోజనం బాగుందా?" అన్నారు చివరికి.

"బాగుండింది మేడం," అన్నాడు.

"ఆ సంతకాలు రెండూ కొట్టేసి, ఎందుకు కొట్టేశావో పక్కన రాయి. నాకు చూపించు."

"థీసిస్ ఇంకో ఏడాది పడుతుందేమో మేడం."

"ఊఁ," అన్నారు ఆమె. చిత్తూరు దాటాక రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండానే అన్నారు:

"వచ్చే శనివారం కూడా మేత వెయ్యకు. ఈసారి రాసి మరీ మానెయ్."