మూత లోపలి గీతలు

సుదర్శనాచారికి బాధంటూ ఉంటే అది ఒక్కటే. పన్నెండేళ్లుగా మొహిద్దీన్ సాయిబు దగ్గర గడియారాల పని చేస్తున్నా, ఆయన నోట 'బాగుంది' అన్న మాట ఒక్కసారీ వినలేదు.

ఆచారిలో సరుకు లేక కాదు. బందరులోని ఆ ఇరుకు షాపుకి బెజవాడ నుంచీ ఏలూరు నుంచీ పాత చేతిగడియారాలు పట్టుకుని జనం వచ్చేది అతని కోసమే. వెనక మూత తీసి, కంటికి అద్దం బిగించి, రెండు నిమిషాలు చూసి చెప్పేసేవాడు. ఈ ముళ్లు కంపెనీవి కావు. ఈ డయల్ మీద మళ్లీ రంగు వేశారు. ఈ కీ వేరే గడియారానిది. అతను చెప్పింది తప్పడం ఎవరూ చూడలేదు. చెప్పాక కుర్చీలో కాస్త వెనక్కి వాలేవాడు. అతని గొప్పంతా ఆ వాలడంలోనే ఉండేది.

సాయిబు మాత్రం ఏ గడియారాన్నీ అసలుదనో నకిలీదనో అనేవాడు కాదు. నడుస్తుంది అనేవాడు, లేకపోతే నడవదు అనేవాడు. డెబ్బై దాటాయి కదా, చూపు ఆనడం లేదు కాబోలు అనుకునేవాడు ఆచారి.

ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఉస్తాద్, నా చూపులో ఇంకా లోపం ఏమన్నా ఉందా?"

"చూపులో లేదు," అన్నాడు సాయిబు. చాయ్ గ్లాసు కింద పెట్టి, టోపీ సర్దుకుని మధ్యాహ్నం నమాజుకి వెళ్లిపోయాడు.

ఆయన అటు వెళ్లగానే సామ్రాజ్యం గారు వచ్చారు. అవనిగడ్డలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. సంచిలోంచి రుమాలు మూట తీసి బల్ల మీద విప్పారు. లోపల పాత స్విస్ గడియారం ఉంది.

"మా నాన్నగారిది బాబూ. లాకుల దగ్గర లస్కరుగా చేసేవారు, కాలువ గేట్లు ఎత్తడం దించడం ఆయన పని. పోయేముందు దీన్ని నా చేతిలో పెట్టారు. ఇప్పుడు నడవట్లేదు. నడిచినా నడవకపోయినా, ఇది ఆయనదేనని మీరు చూసి చెప్పాలి."

"ఎవరన్నా కాదన్నారా అమ్మా?"

"మా అన్నయ్యే. నాన్న గడియారంలో అంకెలు పసుపు రంగులో మెరిసేవట. అది అమ్మేసుకుని, దీన్ని తెచ్చి చూపిస్తున్నానంటాడు. ఎల్లుండి నాన్న సంవత్సరీకం. చుట్టాలందరి ముందూ అడుగుతానని ఫోన్ చేశాడు."

ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం రుమాలుని మడుస్తున్నాయి, విప్పుతున్నాయి.

ఆచారి మూత తీశాడు. రెండు నిమిషాలు చూశాడు.

"మిషను పాతదే అమ్మా. పై కేసూ పాతదే. మిగతావేవీ అసలువి కావు. ఈ డయల్ మీద అంకెలు ఎవరో కుంచెతో వేశారు. నాలుగుకి కాలు పొట్టిగా ఉంది చూడండి, ఏ కంపెనీ అలా వదలదు. ముళ్లు కూడా మార్చినవే. మీ అన్నయ్యగారు చెప్పే డయల్ ఇది కాదు."

వెనక్కి వాలాడు.

సామ్రాజ్యం గారు ఆ పొట్టికాలు నాలుగుని వంగి చూశారు. తర్వాత, "అయితే నేను దొంగనే అవుతాను," అన్నారు మెల్లగా.

ఆచారి చెడ్డవాడు కాదు. మనసు చివుక్కుమంది. ఏదో ఒకటి చేసి పంపాలనిపించింది. "మూత లోపల నిండా గీతలు పడ్డాయి. ఊరికే పాలిష్ చేసిస్తాను, కొత్తదానిలా ఉంటుంది," అన్నాడు. అది అతనికి అలవాటే. సాయిబు ఒకటి రెండుసార్లు వద్దన్నాడు. అందుకని ఆయన నమాజుకి వెళ్లినప్పుడు మూతలు తోమేసేవాడు. మెరిసే మూత చూసి సంతోషించని మనిషి అతనికి ఇంతవరకూ తగల్లేదు.

గుడ్డకి పాలిష్ ముద్ద అద్ది, మూత మీద పెట్టబోయాడు. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి మూతని తీసుకుంది.

సాయిబు ఆచారి వైపు చూడలేదు. ముందు ఆవిడ మొహం చూశాడు. "ఏమ్మా?" అన్నాడు. ఆవిడ అన్నయ్య మాటా, ఆచారి మాటా చెప్పారు. విని, మూతని చొక్కా అంచుతో తుడిచి, వెలుతురుకి తిప్పి, ఆచారి చేతిలో పెట్టాడు.

"చదువు."

"ఏముంది ఉస్తాద్ చదవడానికి? గీతలు."

"అవే చదువు."

గడియారం విప్పి బాగుచేసిన ప్రతివాడూ మూత లోపల సూదిమొనతో తన గుర్తూ, తేదీ గీసి పెట్టడం పాత పనివాళ్ల పద్ధతి. ఆచారికి తెలియంది కాదు. తెలిసే ఇన్నాళ్లూ వాటిని మరకల్లా తోమాడు.

అద్దం పెట్టుకుని చదివాడు. "'రా' అని ఎవరో పనివాడి గుర్తు ఉంది, అరవై ఎనిమిది మే. దీని పక్కన చంద్రవంక. డెబ్బై ఎనిమిది జనవరి."

"చంద్రవంక మా ఉస్తాద్ గుర్తు," అన్నాడు సాయిబు. "నాలుగుకి కాలు పొట్టిగా వేసేదీ ఆయనే. ఎంతమంది నవ్వినా మార్చుకోలేదు."

తర్వాత సామ్రాజ్యం గారి వైపు తిరిగాడు. "ఆ జనవరికి ముందు మీ నాన్నగారికి ఏమైందమ్మా?"

ఆవిడ చేతుల్లో రుమాలు ఆగిపోయింది.

"ఉప్పెనండి. నవంబరులో. నాన్న లాకు వదిలి రాలేదు. మూడో రోజు తాటిచెట్టు మీద నుంచి దింపి తీసుకొచ్చారు. చేతికి గడియారం అలాగే ఉంది. అద్దం లోపల బురదనీళ్లు కదలడం నేను చూశాను." బల్ల మీది గడియారాన్ని వేలితో తాకారు. "బందరులో బాగుచేయించానని అనేవారు. అన్నయ్య అంతకు ముందు ఏడాదే భిలాయ్ ఉద్యోగానికి వెళ్లిపోయాడు. వచ్చినా రెండు రోజులు ఉండేవాడు. నాన్న చేతికేసి ఎప్పుడు చూశాడు గనక?"

"ఆ చలికాలమంతా ఈ బల్ల నిండా ఉప్పునీళ్లు తాగిన గడియారాలే," అన్నాడు సాయిబు. "ఒక్క డయలూ దక్కలేదు. అమ్మా, దీని అంకెలు ఇప్పటికీ మెరుస్తూ ఉంటే, ఇది మీ నాన్నగారిది కాదని నేనే చెప్పేవాణ్ణి."

సామ్రాజ్యం గారు ఏడ్చారు. ఎవరూ ఊరుకోమనలేదు.

సాయిబు తన పాత కంటి అద్దం సొరుగులోంచి తీసి ఆవిడకిచ్చాడు. "మీ అన్నయ్యని దీంతో చూడమనండి. మళ్లీ ఎప్పుడన్నా ఇటొచ్చినప్పుడు ఇద్దురు గాని."

తర్వాత గడియారాన్ని ఆచారి ముందుకు జరిపాడు. కీ తిప్పే కడ్డీ లోపల విరిగిపోయి ఉంది.

"ఇది కంపెనీది ఇప్పుడు దొరకదు ఉస్తాద్."

"నువ్వు చెయ్యి."

ఆచారి ఉక్కు తీగ ముక్క తీసుకుని, చిన్న లేతు మిషను మీద బిగించి కూర్చున్నాడు. రెండు గంటలు పట్టింది. కడ్డీ వేసి కీ తిప్పగానే గడియారం కదిలింది. ఆవిడ వంగి విని, "ఇదే చప్పుడు," అన్నారు.

మూత మూయబోతుంటే సాయిబు సూది అందించాడు.

ఆచారి దాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పన్నెండేళ్లలో ఎక్కడా తన గుర్తు గీయలేదు. గీస్తే గడియారం పాడవుతుందనుకున్నాడు. నమాజు వేళల్లో ఇదే బల్ల మీద, ఇదే గుడ్డతో తోమిన మూతలు ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. వాటి మీద ఏమేం రాసి ఉందో అతను చదవలేదు. ఇంకెవరూ చదవలేరు.

చంద్రవంక కింద కాస్త చోటుంది. అక్కడ సూదిమొన ఆనించి, సన్నగా, కనపడీ కనపడకుండా ఒక గీత గీశాడు.

సాయిబు వంగి చూశాడు.

"గట్టిగా గీయి," అన్నాడు. "ఎవడన్నా తోమినా పోకూడదు."